మతిమరుపుపై పరిశోధనకు మన జిల్లాల్లో చోటేదీ?
మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బు రోగులకు వైద్యం చేస్తూనే ఆ జబ్బుపై పరిశోధన చేసే న్యూరాలజిస్టు నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో నిలదొక్కుకునే వీలే లేదు. ఎంబీబీఎస్ 5½ ఏళ్లు, ఎండీ 3, ఆపై న్యూరాలజీలో డీఎం 3 ఏళ్లు చదివి వచ్చినవారి పొద్దంతా పక్షవాతం, మూర్ఛ కేసులతోనే గడిచిపోతోంది. మతిమరుపు రోగిని సరిగా చూడాలంటే అరగంటకు తక్కువ పట్టదు. ఇంటివాళ్లను విడిగా కూర్చోబెట్టి డబ్బు లెక్క తప్పుతున్నారా, తెలిసిన దారి మరుస్తున్నారా అని అడగాలి. విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు, మెదడు స్కాన్ చేయించాలి, మనసు కుంగిందేమో చూడాలి. ఇవి వదిలేస్తే మందులతో బాగయ్యే మతిమరుపు కూడా ముసలితనం కింద జమ అవుతుంది. పైగా జ్ఞాపకశక్తి, ఆలోచన శక్తిని చూసే 30 మార్కుల ఎంఎంఎస్‌ఈ పరీక్షలో చదవడం, వాక్యం రాయడం ఉంటాయి. బడి మొహం చూడని కూలీకి జబ్బు లేకున్నా మార్కులు తగ్గుతాయి. చదువు రానివారికి తగిన ప్రశ్నలను సరిచూడాల్సింది ఇక్కడే. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) సుమారు 4½ ఏళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, లంబాడీ కలిసి వినిపించే పాలమూరులో ఇలాంటి అధ్యయనానికి కొరత రోగులది కాదు, వైద్యుడి సమయానిది. రెండు జిల్లాల ప్రభుత్వ వైద్య కళాశాలల్లో వారానికో పూట జ్ఞాపకశక్తి క్లినిక్ తెరవాలి. దానికి ఒక సైకాలజిస్టును ఇవ్వాలి. న్యూరాలజిస్టును వారంలో 2 రోజులు ఓపీ నుంచి మినహాయించి, ఆ పరిశోధనను పదోన్నతిలో లెక్కించాలి.
– ఒక వైద్యుడు, నల్లగొండ