పర్పుల్ ఫౌంటెన్ గ్రాస్ అని చెప్పి పచ్చ రకం పంపారు, నా డబ్బులు వాపస్ ఇవ్వండి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

సైనిక్‌పురిలో మా డాబా పిట్టగోడ వెంట వరుసగా పెట్టుకుందామని మీ యాప్‌లో పర్పుల్ ఫౌంటెన్ గ్రాస్ (అందం కోసం పెంచే గడ్డి) మొక్కలు ఆరు ఆర్డర్ పెట్టాను. ఫోటోలో మెరూన్ ఆకులు, కుచ్చుల్లాంటి ఎర్రటి కంకులు. ఇప్పుడు మా కుండీల్లో ఉన్నది మామూలు పచ్చ రకం అండీ, ఒక్క ఆకు మీద కూడా ఎరుపు లేదు, కొత్త పిలకలు కూడా మొదట్లోంచే పచ్చగా వస్తున్నాయి, కంకి లేత గులాబీ రంగులో పైకొచ్చి కొన్నాళ్ళకే తెల్లబడిపోతోంది.

చాట్‌లో అడిగితే "ఎండ సరిపోవట్లేదు మేడమ్, ఎండలో పెడితే రంగు వస్తుంది" అన్నారు. నీడలో ఈ మొక్క రంగు తగ్గేది నిజమే, కానీ మా డాబా మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే, అడ్డం ఒక చెట్టు కూడా లేదు. పైగా నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో ఇదే పేరుతో కొన్న మొక్క వీటి పక్కనే ఉంది, అదే ఎర్రమట్టి, ఇసుక, వర్మీ కంపోస్ట్, అదే నీళ్ళు, అది మాత్రం ముదురు వంకాయ రంగులో ఉంది. రెండూ కలిపి ఫోటో తీసి పంపితే దానికి ఇంతవరకు జవాబే లేదు.

తర్వాత ఎవరో ఫోన్ చేసి పర్పుల్ ఫౌంటెన్ గ్రాస్ విత్తనాల ప్యాకెట్ ఫ్రీగా పంపిస్తామన్నారు. రూబ్రమ్ అనే ఈ పర్పుల్ రకానికి మొలిచే విత్తనాలు దాదాపు రావండీ, దుబ్బు తవ్వి పిలకలు విడదీసి నాటుకోవడమే. విత్తనంతో ఈజీగా మొలిచేది పచ్చ రకం. అంటే ఆ ప్యాకెట్‌లో ఉన్నది కూడా పర్పుల్ అయ్యే ఛాన్స్ లేదు, అయినా యాప్‌లో ఆ విత్తనాల ప్యాకెట్లు ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

ఒట్టి రంగు గొడవే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఈ పచ్చ రకం కంకి ఎండితే విత్తనాలు గాలికి ఎగిరిపోయి దొరికిన చోటల్లా మొలుస్తాయి. హవాయిలో ఇది పెద్ద కలుపు సమస్య, ఎండిన గడ్డి వల్ల మంటలు కూడా ఎక్కువగా పాకుతాయి. మా ఇంటి వెనక అన్నీ ఖాళీ ప్లాట్లే, అందుకే వచ్చిన కంకిని వచ్చినట్టు కోసి కవర్లో కట్టి పెడుతున్నాను. మీ దగ్గర కొన్న మిగతావాళ్ళకి ఈ సంగతి ఎవరు చెప్తారు?

ప్యాకింగ్ గురించి కూడా చెప్పాలి. మొక్కల మొదళ్ళు రెండంగుళాల బంకమట్టిలో కూరుకుపోయి ఉన్నాయి, రెండు మొక్కల మొదళ్ళు అప్పటికే నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా చితికి కుళ్ళు వాసన వచ్చింది. దానికి తోడు కార్డు మీద రోజూ నీళ్ళు పోయమని రాశారు! పైమట్టి ఆరాక పోయాలి, వానాకాలంలో అయితే చాలా రోజులు అసలు పోయక్కర్లేదు.

ఆరు మొక్కల డబ్బులు, డెలివరీ చార్జీతో సహా, నేను కట్టిన అకౌంట్‌కే వేయండి, పాయింట్లు వద్దు. విత్తనాల ప్యాకెట్ అమ్మకం ఆపండి, కొన్నవాళ్ళందరికీ కంకులు కోసేయమని మెసేజ్ పెట్టండి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేసి కంప్లైంట్ రిజిస్టర్ చేయిస్తాను.

బిల్లు, ఫోటోలు, చాట్ స్క్రీన్‌షాట్లు జత చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్,
సైనిక్‌పురి, హైదరాబాద్