డిసెంబరు కచేరీ బండి: ఈసారి ఏం మారుతోంది, ఎందుకు మారుతోంది

మా బండిలో చెన్నై కచేరీలకు వచ్చే అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం. డిసెంబరు సీజన్‌కు సీట్లు ఎప్పుడు రాసుకుంటారని అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఉన్నదున్నట్టు ఒకేసారి రాసేస్తే మేలనిపించింది.

ముందు చేదు మాట. సీటు ధర పెరుగుతోంది. పోయినేడాది 1,100 రూపాయలు తీసుకున్నాం, ఈసారి 1,450. రెండో మార్పు, ఒక రోజుకు ఒకే సభ, అంటే కచేరీలు పెట్టే ఒకే సంస్థ హాలు. మధ్యాహ్నం ఒకచోట, సాయంత్రం మరోచోట, మధ్యలో టీ నగర్‌లో చీరల షాపింగు అనే తిరుగుడు ఇక ఉండదు. ఏ హాలుకు వెళ్తే ఆ హాల్లోనే మంగళం పాడేదాకా ఉంటాం.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. మాది తిరుపతిలో చిన్న ట్రావెల్స్. ఏడాది పొడవునా కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు గోల్డెన్ టెంపుల్ ట్రిప్పులే మాకు తిండి పెడతాయి. డిసెంబరులో మాత్రం చెన్నై సంగీత సీజన్‌కు 17 సీట్ల టెంపో ట్రావెలర్ వేస్తాం. వెళ్లడానికి రైలు ఉండనే ఉంది కదా అని అడుగుతారు. వెళ్లడం సమస్య కాదు. కచేరీ అయ్యేది రాత్రి తొమ్మిదికి. ఆ వేళప్పుడు మైలాపూర్‌లో ఆటో పట్టుకుని, మాధవరం బస్టాండు చేరి, తిరుపతి బస్సులో సీటు దొరుకుతుందా లేదా అన్న టెన్షన్‌తో ఉంటే చివరి అరగంట ఎవరికీ చెవికెక్కదు. గడియారం చూసుకుంటూ విన్న పాట విన్నట్టే కాదు.

ఒకే సభ అనే నిర్ణయం నాది కాదు, మీ మాటల్లోంచే పుట్టింది. తిరుగు ప్రయాణంలో నేను డ్రైవర్ పక్క సీట్లో కూర్చుంటాను. వెనక మాట్లాడుకునేదంతా వినబడుతుంది. రెండు మూడు సభలు చుట్టిన రోజు బండిలో మాటలన్నీ ట్రాఫిక్ గురించి, చెప్పులు ఎక్కడ పోయాయన్నదాని గురించి. తిరువళ్ళూరు రాకముందే అందరూ నిద్రపోతారు. ఒకే కచేరీ మొదటి నుంచి చివరి దాకా విన్న రోజు కథ వేరు. నగరి దాటినా వాదన ఆగదు. ఆ రాగం అదేనా, కాదా. వయొలిన్ ఆయన ఇవాళ తగ్గి వాయించాడా, గాయకుడే జాగా ఇవ్వలేదా. ఒకాయన ఫోన్‌లో పాత రికార్డింగు పెట్టి రుజువు చూపిస్తాడు, ఇంకొకావిడ ఒప్పుకోదు.

పోయిన సీజన్‌లో ఒక సాయంత్రం మ్యూజిక్ అకాడమీ బాల్కనీలో నేనూ కూర్చున్నాను. అకాడమీ 1928లో పుట్టింది, ఇప్పుడున్న టీటీకే ఆడిటోరియం 1962 నాటిది. బాల్కనీ అంటే చాలామందికి చిన్నచూపు. మెట్లు ఎక్కాలి నిజమే కానీ, శబ్దానికి ఏ లోటూ లేదు, పైగా వేదిక మీద ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో అన్నీ కనిపిస్తాయి. ప్రధాన కీర్తన అయింది, గాయకుడు తాళం వేస్తూ మృదంగం వైపు తల ఊపాడు. తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, మొదలు. అంతే, చుట్టుపక్కల కుర్చీలు టపటపా ముడుచుకున్నాయి. చెన్నైలో ఇది మామూలే. తని రాగానే చాలామందికి క్యాంటీన్ గుర్తొస్తుంది.

మనవాళ్లలో కూడా ఇద్దరు లేవబోయారు. పక్కనే ఉన్న రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు ఒకాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "కూర్చోప్పా, కాఫీ ఎక్కడికీ పోదు, ఇది మళ్లీ రాదు" అన్నారు. తర్వాత ఆయన అతని అరచేతి మీదే తాళం వేసి చూపించారు. మృదంగం ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, వాయిస్తే ఘటం ఒక ఆవర్తనం. తర్వాత సగం, ఆపైన అందులో సగం. పోనుపోను ఇద్దరి వాటా నాలుగు దెబ్బలకు, రెండు దెబ్బలకు దిగింది. చివరికి ఎవరు ఎక్కడ అందుకుంటున్నారో తెలియనంత దగ్గరైపోయారు. ఆపైన ఇద్దరూ కలిసి ముక్తాయింపు అనే ముగింపు వరుస మూడుసార్లు వాయించి సరిగ్గా పాట ఎత్తుకునే చోట దిగారు. ఆ దిగడంతోనే బాల్కనీలో తొడల మీద తాళం వేస్తున్న చేతులన్నీ ఒకేసారి పడ్డాయి. లేవబోయిన ఆ అన్న ఆ రాత్రి బండెక్కగానే అడిగిన మొదటి మాట, "సార్, ఆ లెక్క ఇంకోసారి చెప్పండి" అని.

రెండు సభల ప్లాను ఉన్న రోజుల్లో మనం పోగొట్టుకున్నది చివరి భాగం. కచేరీకి ఒక వరుస ఉంది. వర్ణంతో మొదలవుతుంది, చిన్న కీర్తనలు, తర్వాత రాగాలాపనతో పెద్ద కీర్తన, తని, ఆఖర్న తుక్కడాలు అనే చిన్న చిన్న పాటలు, మంగళం. ఈ పద్ధతిని స్థిరపరిచినవారు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) అని చెబుతారు. అన్నమయ్య పదాలు ఎక్కువగా వచ్చేది ఆ తుక్కడాల దగ్గరే. తిరుపతి నుంచి వెళ్లినవాళ్లకు ప్రాణమంతా అక్కడే ఉంటుంది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారు 1980 ప్రాంతంలో టీటీడీ కోసం పాడిన రికార్డులు, 1991లో అకాడమీ వాళ్ల సంగీత కళానిధి బిరుదు అందుకున్న గాయకుడు నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టిన బాణీలు వింటూ పెరిగిన ఇళ్లు మనవి. ఇంకో సభకు టైమైందని లేచి వచ్చిన ఒక రోజు, ఒక పెద్దమ్మ బండిలో అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. "మూడు గంటలు కూర్చున్నదే ఆ ఒక్క పాట కోసం నాయనా. గేటు దాటుతుంటే లోపల ఎత్తుకున్నారు" అంది. ఈసారి ఆమెకు ముందు వరుస సీటు నేనే పక్కన పెట్టాను. టికెట్ డబ్బులు మాత్రం ఆమెవే, వ్యాపారం వ్యాపారమే.

పెద్ద పేర్ల కోసమే రావద్దని కూడా చెప్పాలి. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలు ఉచితం, పాడేది కుర్రవాళ్లు. హాలు ముప్పావు వంతు ఖాళీగా ఉంటుంది. మన ఎస్వీ సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి అలాంటి కచేరీకి వెళ్లి మొదటి వరుసలో కూర్చుంది. వేదికకు అంత దగ్గరగా కూర్చోవడం ఆమెకు అదే మొదలు. గాయని ఆలాపన చేస్తుంటే పక్కన వయొలిన్ వాయించే అబ్బాయి ఆమె పెదవుల వైపే చూస్తున్నాడట. ఆమె పాడే స్వరాల వరుస పూర్తి కాకముందే అతని వేలు తీగ మీద సిద్ధంగా ఉందట. ఒకచోట ఆమె అనుకోని దారి పట్టింది, అతని వయొలిన్ కమాను ఒక్క క్షణం గాలిలో ఆగి, తర్వాత నవ్వుతూ అందుకున్నాడట. "అన్నా, ఇది యూట్యూబ్‌లో కనిపించదు" అంది. సాయంత్రం పెద్దాయన కచేరీ గురించి అడిగితే "అదీ బాగుంది" అని ఊరుకుంది!

అందుకే కొత్త టైమింగు ఇలా పెట్టాం. పొద్దున 9:30కి పూర్ణకుంభం సర్కిల్‌లో ఎమ్మెస్ విగ్రహం దగ్గర బండి ఎక్కాలి. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా ఒంటిగంటన్నరకు సభ దగ్గర ఉంటాం. క్యాంటీన్‌లో భోజనం, అదే హాల్లో మధ్యాహ్నం కచేరీ, కాఫీ, సాయంత్రం పెద్ద కచేరీ. రాత్రి పావు తక్కువ పదికల్లా బయల్దేరితే రెండింటికి తిరుపతి.

క్యాంటీన్ కోసమే వచ్చేవాళ్లు మనలో ఇద్దరు ముగ్గురున్నారని నాకు తెలుసు, అందులో తప్పేమీ లేదు. ఏ సభలో ఈ ఏడాది ఏ కేటరర్ అని కళాకారుల జాబితా కంటే ముందు ఆరా తీసేవాళ్లు చెన్నైలో బోలెడుమంది. అరిటాకు భోజనానికి క్యూ పెద్దది కాబట్టి దిగగానే టోకెన్ తీసుకోండి. మీ కోసం కచేరీ ఆగదు. పెద్ద సభల్లో చాలాచోట్ల పాట మధ్యలో తలుపు తీయరు, పాట అయ్యేదాకా బయట నిలబడాల్సిందే.

ఇక ధర సంగతి. 350 రూపాయలు ఎందుకు పెరిగాయంటే, ఎక్కువ భాగం రెండో డ్రైవర్. పొద్దున బండి తీసుకెళ్లిన మనిషి రాత్రి పది ప్రాంతంలో మళ్లీ నాలుగు గంటలు తోలడం నాకు ఇష్టం లేదు. మధ్యాహ్నం బండిలో నిద్రపోతాడులే అని కొందరు అన్నారు. డిసెంబరులో మైలాపూర్ వీధుల్లో బండి పెట్టుకోవడానికే గంటకోసారి చోటు మార్చాలి, ఇక నిద్రెక్కడ? కాబట్టి వెళ్లేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు. మిగిలింది డీజిల్, టోల్, తమిళనాడు పర్మిట్, పార్కింగు. 12 సీట్లు నిండితే ఖర్చులు గట్టెక్కుతాయి, అంతకన్నా తగ్గితే చేతి చమురు వదులుతుంది. పదిమంది కూడా లేకపోతే ట్రిప్పు రద్దు చేసి సీటు డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం. కచేరీ టికెట్ డబ్బు మాత్రం నా చేతిలో లేదు. కళాకారుడికి గొంతు బాగాలేక ఇంకొకరు పాడినా సభవాళ్లు ఇస్తేనే వస్తుంది.

టికెట్ దొరుకుతుందని గ్యారంటీ కూడా ఇవ్వలేను. అకాడమీలో మంచి సీట్లు చాలావరకు సీజన్ టికెట్ వాళ్లవే. రోజువారీ టికెట్లు కొన్నే ఉంటాయి. ఇప్పుడు చాలా సభలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాయి కాబట్టి మీ పిల్లల చేత ముందే తీయించుకోండి. పెద్దవాళ్లకు కావాలంటే నేను తీసిపెడతాను, కమీషన్ ఏమీ లేదు.

వైకుంఠ ఏకాదశి నుంచి పది రోజులు కచేరీ బండి లేదు. తిరుమలలో వైకుంఠ ద్వార దర్శనం నడిచే ఆ పది రోజులూ నాకున్న రెండు బండ్లూ యాత్రికులకే సరిపోవు. నాకు ఏడాదిలో నాలుగు రాళ్లు మిగిలేది అప్పుడే, దాచడమెందుకు. అకాడమీ సీజన్ డిసెంబరు 15 నుంచి జనవరి 1 దాకా ఉంటుంది కాబట్టి, ఏకాదశి ఎప్పుడు పడుతుందో చూసుకుని మిగిలిన రోజుల్లోనే ట్రిప్పులు వేస్తాను.

చిత్తూరు నుంచి కూడా అడుగుతున్నారు. చిత్తూరు నాగయ్య గారి పేరు మీద కళాక్షేత్రమే ఉన్న ఊరు, పాట మీద మోజుకు కొదవేముంటుంది. అయితే మీ దారి రాణిపేట, కాంచీపురం మీదుగా, మా దారి పుత్తూరు మీదుగా. పదిమంది ఒకే రోజుకు కుదిరితే రెండో బండి అక్కడి నుంచే పంపిస్తాను. ఇద్దరు ముగ్గురైతే తిరుపతి వచ్చి ఎక్కాలి.

సినిమా పాటల ప్రోగ్రాములకు బండి వేయమని కుర్రవాళ్లు పట్టుబడుతున్నారు. ఇళయరాజా పాటలంటే నాకూ ప్రాణమే. కానీ మైదానంలో పెట్టే ప్రోగ్రాములకు పార్కింగు రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉంటుంది, ఎప్పుడు అవుతుందో తెలియదు, ఆ జనంలో 17 మందిని ఏరుకుని బండెక్కించడం నా వల్ల కాదు. హాలులో అయితే చూద్దాం.

ఇంకో మాట చెబితే నా వ్యాపారానికే నష్టం, అయినా చెబుతాను. మంచి సంగీతం కోసం ప్రతిసారీ చెన్నై పోనక్కర్లేదు. మన మహతి ఆడిటోరియంలో, అన్నమాచార్య కళామందిరంలో టీటీడీ వాళ్లు పెట్టే కార్యక్రమాలకు టికెట్ లేదు. వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి, ఫాల్గుణ బహుళ ద్వాదశికి వర్ధంతి. ఆ రోజుల్లో వెళ్లి కూర్చోండి. అన్నమయ్య పాటలకే జీవితం ఇచ్చిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారిని ఈ ఊళ్లోనే ఎన్నోసార్లు ఉచితంగా విన్నాం. 2025 మార్చిలో ఆయన పోయాక మా బండిలో చాలామంది అన్నది ఒకటే, ఊళ్లోనే ఉన్నారు కదా, ఇంకోసారి వెళ్లుండాల్సింది అని.

బండిలో పాటలు పెట్టమని అడిగేవాళ్లకు: వెళ్లేటప్పుడు స్పీకర్ పెట్టను. హెడ్‌మాస్టరు గారు వచ్చే ట్రిప్పుల్లో దాని అవసరమే ఉండదు. పుత్తూరు అంటే మనందరికీ ఎముకలు విరిగితే వేసే కట్టే గుర్తొస్తుంది. ఆయనకు గుర్తొచ్చేది త్యాగయ్య. తిరుపతి యాత్ర నుంచి తిరిగి వెళ్తూ పుత్తూరులో ఆగినప్పుడు, బావిలో పడి చనిపోయిన ఒకాయన కోసం త్యాగరాజస్వామి బిలహరి రాగంలో 'నా జీవాధార' పాడారని, ఆ మనిషి లేచి కూర్చున్నాడని కథ. బండి ఊరు దాటేలోపు మాస్టారు ఆ కథ చెప్పి తీరుతారు, ఎవరో ఒకరు పల్లవి ఎత్తుకుంటారు, రానివాళ్లు తాళం వేస్తారు. మా డ్రైవర్‌కు సంగీతం రాదు గానీ అక్కడ స్పీడు తగ్గిస్తాడు.

ఫోన్లు హాల్లో సైలెంట్‌లో కాదు, ఆఫ్‌లోనే పెట్టండి. ఏసీ ఎక్కువ, శాలువా తెచ్చుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చెబితే మెట్లు లేని వైపు టికెట్ చూస్తాను. సభల కార్యక్రమాల పట్టిక బయటికి రాగానే మన గ్రూపులో పెడతాను. ఎవరి కచేరీకి ఎంతమందో చూసుకుని తేదీలు ఖాయం చేద్దాం. అడ్వాన్సు 500, మిగతాది బండెక్కాక.