కంప్యూటర్ క్యాబినెట్‌ను పాత సామానుకు వేయకు

బాపట్ల,
డిసెంబరు, 2025.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం మొన్న అందింది. పిల్లలు కులాసాగా ఉన్నారనీ, చెల్లెమ్మకు మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందనీ చదివి మనసు తేలికపడింది. ఇక్కడ మేమంతా క్షేమం. అయితే ఉత్తరం చివర నువ్వు రెండు వాక్యాలలో తేల్చేసిన సంగతి మాత్రం నన్ను రెండు రోజులుగా వదలడం లేదు. కంప్యూటర్ ఆన్ కావడం లేదనీ, మీ కరీంనగర్‌లో ఒక దుకాణానికి తీసుకువెళ్తే మదర్‌బోర్డు పోయిందనీ, ఇంత పాతదానికి సామాను దొరకదనీ చెప్పి, ఐదు వందలు ఇస్తాను వదిలేసి వెళ్ళమన్నారనీ రాశావు. దయచేసి వదిలేయకు. కనీసం ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆగు.

2012 వేసవిలో మనమిద్దరం సికింద్రాబాద్ వెళ్ళి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మెట్లెక్కి దిగి, చివరికి ఒకే దుకాణంలో ఒకే రకం సామానుతో రెండు కంప్యూటర్లు కట్టించుకున్నాం కదా. అదే ఐ3 ప్రాసెసర్, అదే హెచ్61 మదర్‌బోర్డు, అదే 4 జీబీ ర్యామ్, అదే 500 జీబీ హార్డ్ డిస్క్. అవి కవల పిల్లలు. వాటిలో ఒకటి మా ఇంట్లో ఈనాటికీ రోజూ నడుస్తోంది, ఈ ఉత్తరం టైపు చేస్తున్నది దానిమీదే. అందువల్ల నీ దానికి ఏమై ఉంటుందో నేను కొంత ధైర్యంగానే చెప్పగలను, ఎందుకంటే రెండేళ్ళ క్రితం నాదీ సరిగ్గా ఇలాగే మొండికేసింది, మా ఊళ్ళోనూ ఒకరు సరిగ్గా ఆ మాటే అన్నారు.

మనిషికి ముసలితనం ఒళ్ళంతా ఒక్కసారే వస్తుంది. కంప్యూటర్‌కు అలా రాదు. అది మన తాతల నాటి పెంకుటిల్లు లాంటిది. వానలకు ముందు పగిలిన పెంకులు మార్చి, పుచ్చిన వాసం ఒకటి తీయించి, గోడకు సున్నం వేయించుకుంటూ మూడు తరాలు కాపురం చేశారే తప్ప, ఒక చోట కురిసిందని ఎవరూ ఇల్లు పడగొట్టలేదు. కంప్యూటర్‌లోనూ ఒక్కో భాగానికి ఒక్కో ఆయుష్షు ఉంటుంది. ప్రాసెసర్ దాదాపు ఎన్నటికీ చెడదు. ఫ్యాన్లు, హార్డ్ డిస్క్, ప్రాసెసర్ మీది పేస్టు, బ్యాటరీ ముందుగా అలిసిపోతాయి. వాటిలో ఏది అలిసిందో కనుక్కోవడమే అసలు పని.

నాది ఆగిపోయినప్పుడు మీట నొక్కితే ఫ్యాన్ తిరిగేది, లోపలి నుంచి పొడుగాటి బీప్ శబ్దాలు ఆగకుండా వచ్చేవి, తెరమీద మాత్రం ఏమీ కనిపించేది కాదు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మా మేనల్లుడు ఆ ఆదివారం భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కున్నాక వైరు పీకేసి పక్క రేకు విప్పాడు. లోపల బూడిద రంగు దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. గోడ కరెంటును మార్చి భాగాలకు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా కింద మూలన రెండు బల్లి గుడ్ల పెంకులు కూడా ఉన్నాయి. అతడు ర్యామ్ పలకకు, అంటే కంప్యూటర్ పనిలో ఉన్నప్పుడు వాడుకునే తాత్కాలిక జ్ఞాపకానికి, రెండు పక్కలా ఉన్న గొళ్ళేలు వెనక్కి వంచి, పలకను బయటికి తీసి వెలుతురులో నాకు చూపించాడు. అడుగున వరసగా ఉండే బంగారు పూత గీతలు మెరవడం మాని, వాడని ఇత్తడి చెంబులా మసకబారి ఉన్నాయి. మాకు సముద్రం దగ్గర కావడంతో గాలిలో తేమా ఉప్పూ ఎక్కువ కదా. పిల్లల పెన్సిల్ రబ్బరు తీసుకుని రెండు వైపులా మెల్లగా, ఒకే దిశలో రుద్ది, రబ్బరు పొట్టు రాలిపోయేలా మెత్తటి బ్రష్షుతో తుడిచి, మళ్ళీ గాడిలో పెట్టి, రెండు గొళ్ళేలూ టక్కుమనేదాకా నొక్కాడు. మీట నొక్కగానే తెర వెలిగింది. రెండు నిమిషాల పని. మదర్‌బోర్డు పోయిందన్న మాటను నమ్మి ఉంటే నేను ఆ రోజున ఎంత పోగొట్టుకునేవాణ్ణో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

వెలిగిన తెర వెంటనే ఎఫ్1 నొక్కమని అడిగింది. తేదీ చూస్తే 2012 జనవరి 1 అని ఉంది. బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఒక బ్యాటరీ ఉంటుంది, దాని పేరు సీఆర్2032, దాని బలం 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే గోడ మీద మీట ఆపిన ప్రతిసారీ కంప్యూటర్ తన పుట్టినరోజుకు వెళ్ళిపోతుంది. ఇందులో ఇంకో చిక్కుంది. బ్యాంకు వంటి సైట్లు తమ గుర్తింపు పత్రాన్ని ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లేలా చూపిస్తాయి. మన గడియారం పన్నెండేళ్ళు వెనక ఉంటే ఆ పత్రం ఇంకా పుట్టనే లేదనుకుని బ్రౌజర్ లోపలికి పోనివ్వదు. చాలామంది ఇంటర్నెట్ చెడిందని కంగారు పడేది ఇక్కడే. గడియారాల దుకాణంలో నలభై రూపాయలు పెట్టి బిళ్ళ కొన్నాను, ఆ బాధ తీరిపోయింది.

ఆ తరువాతి మే నెలలో మరో తంటా వచ్చింది. ఆన్ చేసిన ఇరవై నిమిషాలకు ఏ హెచ్చరికా లేకుండా ఠక్కున ఆగిపోయేది. విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల తెర బయోస్‌లోకి వెళ్ళి చూస్తే ప్రాసెసర్ వేడి 86 డిగ్రీలు ఉంది. పై ఫ్యాన్ తుడిచే ఉంది కాబట్టి దుమ్ము కాదనుకున్నాను, అది నా పొరపాటు. ఫ్యాన్‌కూ దాని కింది అల్యూమినియం రెక్కలకూ మధ్యన దుమ్ము, దూదిపింజలు కలిసి అట్టలా గట్టిపడి, గాలి కిందికి దిగకుండా మూతవేసి కూర్చున్నాయి. కూలర్‌ను పట్టి ఉంచే నాలుగు నల్లటి పిన్నులనూ బాణం గుర్తు చూపించిన వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే అది ఊడి వచ్చింది. అడుగున ఉండాల్సిన పేస్టు ఎండి, పాత గోడ సున్నంలా పొడిపొడిగా రాలింది. ప్రాసెసర్ మూతకూ కూలర్‌కూ మధ్య కంటికి కనిపించని సందులు ఉంటాయి, ఆ సందుల్లోని గాలి వేడిని పోనివ్వదు, పేస్టు ఆ సందులను నింపుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో పాతదంతా తుడిచేసి, బఠాణీ గింజంత కొత్త పేస్టు నడిమధ్యన పెట్టి, పిన్నులను ఐమూలగా ఒకదాని తరువాత ఒకటి నొక్కాను. బయోస్‌లో వేడి 45కు దిగింది. ఒక మాట గుర్తుంచుకో, బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. గిర్రున తిరగనిస్తే దాని బేరింగు దెబ్బతింటుంది.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం నువ్వు ఎప్పుడూ విప్పకు, పిల్లలను విప్పనివ్వకు. వైరు పీకేసిన తరువాత కూడా అందులోని పెద్ద కెపాసిటర్లు ప్రమాదకరమైన కరెంటును పట్టి ఉంచుతాయి. అనుమానం వస్తే డబ్బా మొత్తం మార్చడమే మంచిది.

నువ్వు ఇదివరకు ఒకసారి, క్యాబినెట్ తాకితే చెయ్యి జివ్వుమంటోందని చెప్పావు గుర్తుందా? అప్పుడు మనమిద్దరం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, పట్టించుకోవాల్సింది. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని రొదను వడగట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఆ కాస్త కరెంటును ఎర్త్ వైరులోకి దించుతాయి. గోడ ప్లగ్గులోని మూడో రంధ్రానికి ఎర్త్ సరిగ్గా లేకపోతే దానికి పోయే దారి లేక రేకు మీదే నిలుస్తుంది. అది కొద్దిపాటి కరెంటే అయినా పెన్‌డ్రైవ్ పెట్టేటప్పుడు, మానిటర్ వైరు తగిలించేటప్పుడు సున్నితమైన భాగాలకు కీడు చేయగలదు. పైగా ఇంటి ఎర్త్ పనిచేయడం లేదంటే కంప్యూటర్ ఒక్కదానికే కాదు, గీజరుకూ వాషింగ్ మెషీనుకూ కూడా రక్షణ లేనట్టే. దయచేసి ఈ వారంలోనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించు. ఇది కంప్యూటర్ కోసం కాకపోయినా చెల్లెమ్మ కోసం, పిల్లల కోసం చేయించు.

యూపీఎస్ సంగతి క్లుప్తంగా చెబుతాను. అందులోది 12 వోల్టుల సీసం బ్యాటరీ, రెండు మూడేళ్ళకు దాని పని అయిపోతుంది. నీ కంప్యూటర్‌ను ఒకసారి యూపీఎస్ లేకుండా నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి చూశావో లేదో రాయలేదు. ఇక్కడికి తెచ్చాక ముందుగా చేయాల్సిన పరీక్ష అదే.

ఇక నిదానం గురించి. నాది తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టేది. హార్డ్ డిస్క్‌లో పళ్ళెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతూ ఉంటే, ఒక సన్నని చెయ్యి అటూ ఇటూ కదులుతూ ముక్కలు ముక్కలుగా చదువుకొస్తుంది. దాని బదులు చిప్పుల్లో దాచుకునే ఎస్‌ఎస్‌డీ డిస్కు వేశాను, అందులో కదిలేదేమీ లేదు. మన హెచ్61 బోర్డుకు డిస్కును తగిలించే సాటా పాత తరానిది మాత్రమే కావడం వల్ల కొత్త డిస్కు పూర్తి వేగం రాదు, అయినా వెతుకులాట తప్పిపోవడంతో ఇప్పుడు అర నిమిషంలోపే తెరుచుకుంటోంది. ర్యామ్ కూడా పాత మార్కెట్లో మరో 4 జీబీ పలక కొని వేశాను. మన బోర్డుకు రెండు గాడులున్నాయి, 16 జీబీ దాకా తీసుకుంటుంది. డీడీఆర్3 అని గట్టిగా చెప్పి మరీ కొనాలి, వేరే రకం గాడిలో పట్టదు.

విండోస్ 10 ఆగిపోయిందట కదా, ఇక ఎందుకీ శ్రమ అని అడిగావు. నిజమే, దాని మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా మన ప్రాసెసర్‌ను ఒప్పుకోదు, అది అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం మన బోర్డులో లేదు. నేను విండోస్ బదులు వాడుకునే లినక్స్ మింట్‌లో, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేసుకున్నాను. దాని 22వ వెర్షన్‌కు 2029 దాకా మద్దతు ఉంది, డబ్బు కట్టనక్కరలేదు. నాలుగు రోజులు చేతికి కొత్తగా ఉంటుంది, ఆ తరువాత అలవాటైపోతుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంది.

ఇప్పుడు నేను ఇంతగా బతిమాలడానికి అసలు కారణం చెబుతాను. ఆ ఐదు వందలకు నువ్వు ఇచ్చేది రేకు డబ్బా మాత్రమే కాదు. నీ హార్డ్ డిస్క్ అందులోనే ఉంది. పాతికేళ్ళు ఊరూరా తిరిగి, ముసలమ్మల పక్కన కూర్చుని నువ్వు రాసుకొచ్చిన సామెతలన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని నువ్వు పుటలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో అను ఫాంట్లతో టైపు చేశావని నాకు తెలుసు, మా నాన్నగారి జ్ఞాపకాలూ నేను అలాగే చేశాను. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు రూపాలను కూర్చోబెట్టుకున్నవి. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే సామెత బదులు అర్థం లేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగు అక్షరానికి సొంత స్థానం ఉంది కాబట్టి ఎక్కడ తెరిచినా తెలుగుగానే ఉంటుంది. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది. ఆ ఫైళ్ళను సవ్యంగా తెరిచి చూపగల యంత్రాలు రోజురోజుకూ తగ్గిపోతున్నాయి, వాటిలో నీదొకటి.

నేను పాత హార్డ్ డిస్క్‌ను విండోస్ 7తో సహా అలాగే ఉంచి, దాన్ని తగిలించినప్పుడు ఇంటర్నెట్ వైరు పీకేసి, నాన్నగారి ఫైళ్ళను ఒక్కొక్కటిగా తెరుస్తున్నాను. ప్రతి ఫైలుకూ ముందు పీడీఎఫ్ తీసి పెడతాను. తరువాత అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాముకు ఇచ్చి, వచ్చినదాన్ని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని చదువుతాను. వత్తులు తారుమారవుతాయి, అరసున్నలు మాయమవుతాయి. రోజుకు పది పేజీలు దిద్దుతున్నాను. మొన్న ఒక పేజీలో నాన్నగారు మా చెరువుగట్టు మీది రావిచెట్టు గురించి రాసిన పేరా కనిపించింది. ఆ పేరా ఉన్నదని నేనే మరిచిపోయాను. మీ చెల్లెలిని పిలిచి గట్టిగా చదివి వినిపించాను. అంతా అయ్యాక రెండు పెన్‌డ్రైవుల్లో వేసి ఒకటి అన్నయ్యగారింట్లో ఉంచుతాను, ఎందుకంటే ఒకే ఇంట్లో ఉన్న రెండు ప్రతులకు ఒకే ప్రమాదం చాలు.

సంక్రాంతికి కారులో వస్తున్నామని రాశావు కదా. ఆ క్యాబినెట్‌ను తీసుకుని రా. మానిటర్, కీబోర్డు అక్కర్లేదు, ఇక్కడున్నాయి. మేనల్లుడు కూడా పండగకు ఇక్కడే ఉంటాడు, బాగున్న ఎస్‌ఎంపీఎస్ ఒకటి పరీక్షకు తెస్తానన్నాడు. నిజంగానే బోర్డు పోయి ఉన్నా డిస్కులోని ఫైళ్ళకు దానితో సంబంధం లేదు, డిస్కును నా యంత్రంలో పెట్టి వాటిని తీద్దాం. బోర్డుకు మళ్ళీ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనే అడుగుదాం. దారిలో గతుకులు ఎక్కువ కాబట్టి డిక్కీలో పడేయకుండా, వెనక సీటు మీద పాత బొంత మడిచి వేసి, పక్క రేకు పైకి వచ్చేలా పడుకోబెట్టి బెల్టు కట్టు. ఈలోగా ఇంకోసారి ఆన్ చేసి చూద్దామని ఎవరూ మీట నొక్కవద్దు, ముఖ్యంగా డిస్కు నుంచి టిక్కుటిక్కుమని శబ్దం వస్తూ ఉంటే.

పిల్లలకు నా ఆశీస్సులు. చెల్లెమ్మకు నమస్కారాలు. బయలుదేరే ముందు ఫోను చెయ్యి.

నీ
స్నేహితుడు