మంత్రి గారూ, ఐరిస్ పువ్వులు చాలు, మా మిర్చి లెక్కలు మాకిప్పించండి

ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను హన్మకొండలో ఉంటాను. దగ్గర్లోని ఒక యూనివర్సిటీలో డేటా అనలిటిక్స్, మెషిన్ లెర్నింగ్ చెప్తాను, అంటే అంకెల్లోంచి సంగతులు రాబట్టడం, పాత లెక్కలతో కంప్యూటర్‌కు అంచనాలు నేర్పడం. కాంట్రాక్టు పోస్టు. ఆ గొడవ ఇక్కడ ఎత్తను, దానికోసం పెట్టుకున్న దరఖాస్తులు ఎక్కడెక్కడో ఫైళ్లల్లో ఉన్నాయి. మా పిల్లల ప్రాజెక్టులకు మన మార్కెట్ యార్డుల, వాన స్టేషన్ల లెక్కలు ఇప్పించమని అడగడానికే ఈ ఉత్తరం.

మొన్న ల్యాబ్‌లో జరిగింది చెప్తా. మాన్యువల్ ప్రకారం ఆ వారం ఇళ్ల ధరలు అంచనా వేసే ప్రోగ్రాం. ఇళ్లంటే మనవి కావు, అమెరికాలోని బోస్టన్‌వి, 506 వరసల డేటా, 1970ల నాటిది. రన్ కొట్టగానే అందరి స్క్రీన్ల మీదా ఒకటే ఎర్రర్. సంగతేందంటే, మేం వాడే సైకిట్ లెర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్లు 1.2 వెర్షన్ నుంచి ఆ డేటానే తీసేశారు, ఎందుకంటే ఒక వాడలో నల్లజాతివాళ్లు ఎంతమంది ఉన్నారో చూసి దాన్నిబట్టి ఇంటి ధర లెక్కగట్టే కాలమ్ ఒకటి అందులో ఉంది. ఆ కబురు మా మాన్యువల్ దాకా ఇంకా రాలేదు. "ఇప్పుడెట్ల మేడం?" అని పిల్లలు నా మొహం చూస్తుంటే, వెనక బెంచీలోంచి ఒకడు "బోస్టన్ ఎందుకు మేడం, మన నయీంనగర్‌లో గజం ఎంతుందో చేద్దాం" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత రాత్రి ఇంట్లో కూర్చుని వెతికితే, నయీంనగర్ గజం ధరల మీద క్లాసులో పెట్టి చెప్పదగిన ఫైలు ఒక్కటీ నాకు దొరకలేదు.

మా దగ్గర ప్రతి బ్యాచీ ఇదే వరసలో నడుస్తుంది. ముందు ఐరిస్ పువ్వులు: 1936లో ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త వాడిన 150 పువ్వుల కొలతలు, మూడు రకాలు. తర్వాత మునిగిపోయిన టైటానిక్ ఓడ: ఫైల్లో 891 మంది ప్రయాణికులు, ఎవరు బతికారు, ఎవరు పోయారు. అక్షరాలు దిద్దుకోవడానికి ఇవి మంచివే, నేనూ వీటితోనే నేర్చుకున్నా. కానీ ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు కూడా అవే పువ్వులైతే ఎట్లా సార్? ఐరిస్ పువ్వును కళ్లతో చూసినవాళ్లు మా క్లాసులో ఒక్కరూ లేరు. మిర్చి కల్లంలో పొద్దంతా కూలికి పోయి వచ్చినవాళ్లు మాత్రం సగం మంది ఉంటారు.

నర్సంపేట దిక్కు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. ప్రాజెక్టుకు ఏం తీసుకుంటావంటే వారం దాకా ఏం చెప్పలేదు, ఆ తర్వాత ఒకరోజు బిస్కెట్ల డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టింది. నిండా తక్‌పట్టీలు. వాళ్ల బాపు ఏళ్లుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి అమ్మి దాచుకున్న చిట్టీలు: ఎన్ని బస్తాలు, కాంటా ఎంత, రేటెంత, అడ్తి (కమీషన్) ఎంత, హమాలీ ఎంత, చివరకు చేతికొచ్చింది ఎంత. కొన్నిటి మీద సిరా చెదిరిపోయింది. ఆ పిల్ల అన్నిటినీ ఒక్కొక్కటిగా ఎక్సెల్‌లో కొట్టింది. అదే తేదీలకు మార్కెట్ ధరలను ఆగ్‌మార్క్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి తీసి పక్కన పెట్టింది.

ఆగ్‌మార్క్‌నెట్‌లో రోజుకు మూడు అంకెలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు పోయిన ధర. తెల్లారి పేపర్లో హెడ్డింగ్ అయ్యేది గరిష్ఠం, అంటే జెండా పాట. మంచి లాటు (సరుకు కుప్ప) మీద జెండా పాట పాడతారు, మిగతా బస్తాలకు తేమ, తాలు (రంగు తేలిపోయిన కాయ), రంగు చూసి అక్కడి నుంచి కోసుకుంటూ పోతారు. గ్రాఫు గీసేసరికి బాపు రేటు గీత ప్రతిసారీ జెండా పాట గీత కింద ఎక్కడో ఉంది. "మేడం, మా బాపుకు జెండా పాట రేటు ఒక్కసారన్నా రాలే" అంది. సగటు వేరు, గరిష్ఠం వేరు, అంకెలు ఎట్లా పరుచుకున్నాయో చూపే పంపిణీ వేరు అని నేను మూడేళ్లుగా బోర్డు మీద గీసి చెప్తున్న పాఠం ఆ ఒక్క గ్రాఫుతో క్లాసు మొత్తానికి ఎక్కింది.

కానీ డబ్బా ఒకరిది, రైతు ఒక్కడు. ఒక్కడి లెక్కతో పరిశోధన అవ్వదు. ఏ రోజు ఏ రకం ఎంత తేమతో వచ్చింది, జెండా పాటకు, మామూలు లాటు ధరకు తేడా ఎంత, తేజా రకం మిర్చికి ఎట్లా, 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన చపాటా రకానికి ఎట్లా అని చూడాలంటే లాటు లాటుకూ లెక్క కావాలి. అటువంటి లెక్కల కోసం నేను ఒక ప్రభుత్వ ఆఫీసుకు ఉత్తరం రాశా, తర్వాత రెండుసార్లు తిరిగా. మొదటిసారి "పై నుంచి ఆర్డర్ కావాలి" అన్నారు. రెండోసారి ఒక పీడీఎఫ్ ఇచ్చారు, అదీ స్కాన్ చేసింది, పేజీలు అడ్డంగా తిరిగి ఉన్నాయి. ఇచ్చిన క్లర్కు మంచాయనే పాపం, చాయ్ కూడా తాగించాడు.

వాన సంగతి కూడా ఇంతే. అవుట్‌లయర్ అంటే మిగతా అంకెలకు మరీ దూరంగా పడ్డది, దాన్ని గుర్తుపట్టి పక్కకు తీసేయాలని పుస్తకాల్లో తేలిగ్గా రాసి ఉంటుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానలకు భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. ఆ అంకెను అవుట్‌లయర్ అని తీసేస్తే పాఠం చక్కగా కుదురుతుంది, కాకపోతే ఊరు లెక్కలోంచి పోతుంది. ఇది పిల్లలకు అర్థం కావాలంటే చుట్టుపక్కల వాన స్టేషన్ల గంట గంట లెక్కలు వాళ్ల చేతిలో ఉండాలి. కాలిఫోర్నియా వాతావరణం ఫైలుతో ఎంత చెప్పినా ఆ నొప్పి తెలియదు.

మీ శాఖ ఏమీ చేయలేదని నేను అనట్లేదు. ఓపెన్ డేటా పాలసీ 2016లోనే వచ్చింది. 2025లో డేటా పంచుకునే వేదికగా తెలంగాణ డేటా ఎక్స్ఛేంజ్ మొదలుపెట్టారు. ఖమ్మంలో 7,000 మంది మిర్చి రైతులతో సాగు బాగు అనే ఏఐ సాగు ప్రాజెక్టు నడిపారు, దాని గురించి నేను క్లాసులో చెప్తుంటాను కూడా. నా బాధల్లా ఒక్కటే: ఈ పనులు ఎక్కువగా హైదరాబాద్‌లో స్టార్టప్‌ల చుట్టూ, పెద్ద సంస్థల చుట్టూ తిరుగుతున్నాయి. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ యూనివర్సిటీల్లో ఉన్న మామూలు ఎమ్మెస్సీ పిల్లలు ఆ డేటా దగ్గరికి ఎట్లా రావాలో ఎవరూ చెప్పట్లేదు.

మా వాళ్లను అడిగితే ఏఐ ల్యాబ్ కావాలంటారు, జీపీయూలు (భారీ లెక్కలు వేగంగా చేసే చిప్పులు) కావాలంటారు. 2024లో కేంద్రం 10,372 కోట్లతో ఇండియా ఏఐ మిషన్‌కు ఆమోదం ఇచ్చింది కాబట్టి అది ఆ దారిన రానీయండి. మిర్చి ధరల మీద రిగ్రెషన్ (పాత అంకెలతో ధర అంచనా వేసే లెక్క) నడపడానికి జీపీయూ అక్కర్లేదు, మా ల్యాబ్‌లోని పాత డెస్క్‌టాపులు చాలు. (ఏసీ బాగు చేయిస్తే మాత్రం వద్దనను.)

నేను అడిగేది చిన్నది. ఉత్తర తెలంగాణ మార్కెట్ యార్డుల లాటువారీ లెక్కలు, వాన స్టేషన్ల లెక్కలు మా యూనివర్సిటీలకు ఇవ్వమని ఒక ఆర్డరు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ అన్నీ తీసేసి ఇవ్వండి, 2023 నాటి డేటా రక్షణ చట్టం ఉండనే ఉంది, దాన్ని ఎట్లా పాటించాలో కూడా పిల్లలకు నేర్పినట్టవుతుంది. పీడీఎఫ్ వద్దు సార్, కంప్యూటర్ నేరుగా చదివే సీఎస్‌వీ ఫైలు కావాలి. ఆ అంకె ఎట్లా పుట్టిందో, తాలు అని ఎప్పుడు రాస్తారో, తేమ ఏ మిషన్‌తో చూస్తారో వచ్చి చెప్పే యార్డు మనిషిని నెలకు ఒక్క పూట మా క్లాసుకు పంపండి. ఆ పూట పాఠం నాకంటే ఆయనే బాగా చెప్తాడు.

డిసెంబర్‌లో ప్రాజెక్టులు పంచాలి. సంక్రాంతి దాటితే యార్డుకు కొత్త మిర్చి జోరుగా వస్తుంది. ఫైలు ఆలోపు అందితే ఈ బ్యాచీకి అదే ఇస్తాను. అందకపోతే మళ్లీ ఆ 150 పువ్వులే పంచుతాను, ఇంకేం చేయను.

ఇట్లు,
హన్మకొండ నుంచి ఒక కాంట్రాక్టు అధ్యాపకురాలు