ఉదయగిరి కొండ మీద ఆ అవ్వకి, ఇంకా అందరికీ

కాలు దిండు మీద పెట్టుకుని ఫోన్లో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. రెండు రాత్రులుగా నిద్ర లేదు. కానీ ఇప్పుడే రాయకపోతే నాలుగు రోజులు పోయాక "అందరికీ ధన్యవాదాలు" అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తానేమోనని భయంగా ఉంది.

మొన్న ఆదివారం నేను ఉదయగిరి కొండ ఎక్కాను. ఒక్కదాన్నే. దిగేటప్పుడు పడ్డాను, ఎడమ చీలమండ దగ్గర ఎముక విరిగింది, ఆరు వారాలు కట్టు ఉంచుకోమన్నారు. అప్పటి నుంచి ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ ఒకటే అడుగుతున్నారు, "ఈ వయసులో నీకు కొండలెందుకు?" అని. ఎందుకో చెప్తాను.

నాకు యాభై ఒకటి. నాన్న ఉద్యోగం వల్ల ఏడు, ఎనిమిది తరగతులు ఉదయగిరిలో చదివాను. బడి వరండాలో నిలబడితే ఎదురుగా కొండే. సోషల్ సారు దాని గురించి చెప్తుంటే కథ విన్నట్టుండేది. కృష్ణదేవరాయలంతటివాడు 1513లో వచ్చి ముట్టడి వేస్తే ఒరిస్సా గజపతి రాజుల చేతిలోంచి ఈ కొండ మీది దుర్గం తీసుకోవడానికి ఏడాది పైనే పట్టిందని, 1514లో గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళి గుడి కట్టించాడని చెప్పేవారు. అవన్నీ చెప్పి చెప్పి ఒక ఆదివారం మగపిల్లల్ని మాత్రం కొండకి తీసుకెళ్ళారు. "ఆడపిల్లలు వద్దు, జారి పడతారు" అన్నారు. సోమవారం క్లాసులో వాళ్ళు పైనున్న కోనేరు గురించి, కూలిన మహలు గోడల గురించి చెప్పుకుంటుంటే విన్నాను. అంతే, నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయింది, మేం వచ్చేశాం.

పోయిన ఏడాది యాభై నిండిన రోజున ఒక పాత డైరీ తీసి, ఇప్పటిదాకా నేను అనుకుని చేసినవేంటి అని రాయడం మొదలుపెట్టాను. అబ్బాయి ఇంజనీరింగ్. అమ్మాయి పెళ్ళి. ఫ్లాటు లోను తీరడం. అత్తయ్యకి కంటి ఆపరేషన్. అక్కడితో పెన్ను ఆగిపోయింది. అన్నీ మనసుపెట్టి చేసినవే, ఒక్కదాని గురించీ బాధ లేదు, కానీ నాదంటూ అందులో ఒక్కటీ లేదు. పేజీ తిప్పి మూడు రాశాను. ఉదయగిరి కొండ ఎక్కాలి. స్కూటీ నేర్చుకుని మైపాడు సముద్రం దాకా నేనే నడుపుకుంటూ పోవాలి. మూడోది ఇక్కడ చెప్పను. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో నడవడం మొదలుపెట్టాను, మొదట్లో రెండు రౌండ్లకే ఆయాసం వచ్చేది.

శనివారం సాయంత్రం నెల్లూరులో బస్సెక్కి సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి చేరి, చిన్నప్పటి స్నేహితురాలి ఇంట్లో పడుకుని, తెల్లారి ఆరింటికి బయల్దేరాను. కొండ సముద్ర మట్టానికి 3,079 అడుగులని చదివాను. అంకె చదవడం వేరు, మోకాళ్ళతో ఎక్కడం వేరు. మెట్లు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల కంపచెట్లు కమ్మేసి దారే కనపడదు. ఆగి ఆగి మూడు గంటలకు పైగా పట్టింది. పైన మసీదు దగ్గర గోడ పక్కన కూర్చుని కిందికి చూస్తే ఊరంతా గుప్పెడంత ఉంది, మా బడి ఎక్కడుందో వెతుక్కున్నాను. చుట్టూ ఎవరూ లేరు. గట్టిగా నా పేరు నేనే పిలుచుకున్నాను. పెళ్ళయ్యాక నా పేరు పెట్టి పిలిచేవాళ్ళే తక్కువైపోయారు, అందుకేనేమో, ఏడుపొచ్చింది.

దిగుతుంటే సగం దారిలో కాలి కింద రాయి కదిలింది. పటుక్కుమన్న చప్పుడు నాకే వినపడింది. ఫోన్లో సిగ్నల్ లేదు. గంటకు పైగా ఒక బండకి ఆనుకుని కూర్చున్నాను, అరిచాను, నీళ్ళయిపోయాయి, మధ్యలో సారు మాటే గుర్తుకొచ్చింది, జారి పడతారు అన్నారు, నిజంగానే పడ్డాను కదా అని. ఆ గంటలో నన్ను నేను తిట్టుకున్నంతగా ఎప్పుడూ తిట్టుకోలేదు.

అప్పుడు మేకల గంటలు వినపడ్డాయి. వెనకే ఒక అవ్వ, ఆమె మనవడు. డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది, తలకి తువ్వాలు, కాళ్ళకి చెప్పులు కూడా లేవు. నా కాలు చూసింది, పట్టుకుని నెమ్మదిగా నొక్కింది, మనవణ్ణి కిందికి పరిగెత్తించింది. తర్వాత నా పక్కన కూలబడి అడిగింది.

"యాడిదాకా పొయినావు పాపా? పైదాకా పొయినావా, నడాన్నే తిరుక్కున్నావా?"

పైదాకా పోయానవ్వా, మసీదు దాకా, అన్నాను.

"అట్నా. ఎక్కినావు గదా. ఇంక కాలుదేముంది, అతుక్కుంటాదిలే."

అంతే. ఒక్కదానివే ఎందుకొచ్చావని అడగలేదు, ఇంట్లో చెప్పే వచ్చావా అని అడగలేదు. ఆమెకి ముందు తెలుసుకోవాలనిపించింది నేను అనుకున్నది చేశానా లేదా అని. నొప్పికి ఏడవని దాన్ని ఆ మాటకి వెక్కి వెక్కి ఏడ్చాను. యాభై ఒకటేళ్ళ దాన్ని పాపా అని పిలిచి, తన సద్దిలోంచి సంగటి ముద్ద సగం, ఒక ఎర్రగడ్డ చేతిలో పెట్టింది. మేకలు దూరం పోతున్నాయవ్వా అంటే "అయ్యే వస్తాయిలే" అంది. నీళ్ళు నాకే తాపించింది, తను తాగలేదు. చిన్నప్పుడు పుల్లలు కొట్టుకుని ఈ కొండ రోజూ దిగేదంట. మాకు వద్దన్న ఆ కొండని తలమీద కట్టెలమోపుతో రోజూ దిగిన పిల్ల ఒకతె మాకంటే ముందే అక్కడ ఉందన్నమాట, మాకే తెలియలేదు.

మనవడు నలుగురిని, ఒక నులక మంచాన్ని తీసుకొచ్చాడు. వాళ్ళలో ఒకతను చెక్క గరిటెలు చేసే పనివాడు. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. రెండు పొడుగాటి గరిటెలు కాలికి అటూ ఇటూ పెట్టి, అవ్వ తువ్వాలు చించి కట్టాడు. మంచం మోసుకుంటూ దిగడానికి రెండు గంటలు పట్టింది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు ఎవరూ. అవ్వ కిందిదాకా నా చెయ్యి పట్టుకునే నడిచింది. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ రాత్రి ఆమె మేకపిల్ల ఒకటి ఇంటికి రాలేదని, తెల్లారాక దొరికిందని నిన్న తెలిసింది. ఆ రాత్రంతా ఆమె ఎలా ఉండుంటుందో తలుచుకుంటే ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డుపడుతోంది. పేరు రాయొద్దంది, అందుకే రాయడం లేదు.

ఇక్కడిదాకా మంచే జరిగింది. కిందికి వచ్చాకే అసలు కష్టం. అంబులెన్సుకి ఫోన్ చేస్తే బండి వేరే కేసు మీద పోయింది, గంట పడుతుందన్నారు. ఆటోలో వెళ్ళాం. మొదటి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే మనిషి ఆదివారం రాడట. రెండో చోట మిషనుంది, పనిచేయదు. వంద కిలోమీటర్లకి దగ్గర దగ్గరగా కుదుపుల్లో నెల్లూరు వచ్చేసరికి రాత్రి ఎనిమిది. అక్కడ చీటీ రాసే ఆయన నన్ను చూడకుండా, అప్పుడే వచ్చిన మా ఆయన్ని అడిగాడు, "ఎందుకు పంపించారండీ ఒక్కదాన్ని?" అని. విరిగింది నా కాలు, ఎక్కింది నేను, జవాబు మాత్రం ఆయన చెప్పాలి! నాకు నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంకొకటి. అంత చరిత్ర ఉన్న కొండకి దారి చూపే బోర్డు లేదు, తాగేందుకు నీళ్ళు లేవు, ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు అని రాసుకునే మనిషి లేడు, నిధుల కోసం ఎవరో తవ్విన గుంటలు మాత్రం ఉన్నాయి. దాన్ని చూసుకోవాల్సిన శాఖ వాళ్ళు ఒక్కసారి ఆ దారిన ఎక్కి దిగితే చాలు. రేపు ఇంకో ఆడమనిషి వెళ్తానంటే నా కాలు చూపించి ఆపకండి, ఆ దారి బాగుచేయమని అడగండి, దయచేసి.

మా ఆయన, పిల్లలు, వదిన సెలవులు పెట్టుకుని చూసుకుంటున్నారు, అత్తయ్య పుత్తూరు కట్టు కట్టిద్దామని పట్టుబడుతోంది, వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

అయ్యో, నా స్నేహితురాలి గురించి సరిగ్గా చెప్పనేలేదు, తను నాతో పాటు నెల్లూరు దాకా వచ్చి తెల్లవార్లూ కుర్చీలో కూర్చుంది. నులక మంచం ఇచ్చిన ఇంటివాళ్ళకి, నా తల కింద దిండు పెట్టి దాన్ని మళ్ళీ అడగని అమ్మాయికి, ఆత్మకూరులో టీ తెచ్చిచ్చిన కుర్రాడికి కృతజ్ఞతలు. కట్టు కట్టిన నర్సమ్మ ఆ గరిటెలు పారేయకుండా కడిగి కవర్లో పెట్టిచ్చింది, నేను అడగకపోయినా. అవి ఇప్పుడు నా మంచం పక్కనే ఉన్నాయి. ఆ తువ్వాలు బదులు అవ్వకి కొత్తది పంపుతున్నాను, అదన్నా తీసుకుంటుందేమో చూడాలి.

ఆటో అతనికి మాత్రం ఆ గొడవలో డబ్బులివ్వడమే మర్చిపోయాం, అతనూ అడగలేదు. ఉదయగిరి బస్టాండు దగ్గర ఉంటాడని మాత్రం తెలుసు, ఆదివారం మధ్యాహ్నం కాలికి గరిటెలు కట్టిన ఆడమనిషిని ఎక్కించుకున్నది ఎవరో మీలో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి.