రాళ్ళ పెట్టెలు కబాడీకి ఇవ్వకండి

ఫ్రెస్నో, కాలిఫోర్నియా
ఆదివారం రాత్రి

మామయ్యకు, అత్తయ్యకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు. ఆ టెన్షన్ తీరింది. ఈ సంగతి ఫోన్లో చెబితే మీరు నవ్వేసి మాట మారుస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నల్లకుంట ఇల్లు ఖాళీ చేస్తున్నారు కదా. సజ్జ మీదున్న మీ ఫోటోల నెగటివ్‌ల రెండు ట్రంకు పెట్టెలు పాత సామాను కొనే కబాడీవాడికి ఇచ్చేద్దామనుకుంటున్నానని మొన్న అన్నారు. నెగటివ్‌లలో వెండి ఉంటుందని అతను మంచి రేటే చెప్పాడట. "పెళ్ళిళ్ళవి ఎవరివి వాళ్ళకిచ్చేశాను, మిగిలినవన్నీ రాళ్ళేనమ్మా" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మామయ్యా, దయచేసి ఆ పెట్టెలు ఎవరికీ ఇవ్వకండి. డిసెంబరులో నేను వస్తున్నాను.

పోయిన శనివారం ఇక్కడి యోసెమిటీ నేషనల్ పార్కుకు వెళ్ళొచ్చాం. కొండ సొరంగంలోంచి కారు బయటికి రాగానే లోయంతా ఒక్కసారిగా కళ్ళ ముందుకొస్తుంది. పిల్లలు కేకలు పెట్టారు. నాకు మాత్రం ఖాజాగూడ గుట్టలు గుర్తొచ్చాయి. అక్కడా గ్రానైటే, ఇక్కడా గ్రానైటే. హాఫ్ డోమ్ అని సగానికి కోసిన గుండులా ఒక కొండ ఉంది. దాని రాయి వయసు దాదాపు 9 కోట్ల ఏళ్ళు. మన హైదరాబాద్ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. దీన్ని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తున్నారు. మన రాళ్ళను మనం కంకర కొట్టి పునాదుల్లో పోసుకున్నాం.

ఆ లోయలో, కొండల ఫోటోలకు పేరుపొందిన అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ పేరుతో ఒక ఫోటోల దుకాణం ఉంది. అది 1902లో ఆయన మామగారు పెట్టిన స్టూడియో. ఆడమ్స్ పుట్టిన సంవత్సరం కూడా అదే. పిల్లల్ని మా ఆయనకు అప్పజెప్పి గంటన్నర అక్కడే ఉండిపోయాను. ఇంటికొచ్చాక ఆయన గురించి దొరికినంతా చదివాను. చదువుతున్నంతసేపూ మీరే గుర్తొచ్చారు.

ఆయన ఫోటోగ్రఫీ కాలేజీకి వెళ్ళలేదు. అసలు బడి చదువే సరిగా సాగలేదు. పియానో కళాకారుడు కావాలని కొన్నేళ్ళు సాధన చేశాడు. 14 ఏళ్ళప్పుడు, 1916లో, అమ్మానాన్నలు ఇచ్చిన కొడాక్ బ్రౌనీ డబ్బా కెమెరాతో మొదటిసారి ఈ లోయలో ఫోటోలు తీశాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఫోటో ల్యాబులో పనికి కుదిరి రీళ్ళు కడగడం నేర్చుకున్నాడు. మిగతాదంతా కొండలెక్కి, పాడు చేసుకుని, మళ్ళీ తీసి నేర్చుకున్నదే. పేరొచ్చాక కూడా ఎన్నో ఏళ్ళు ఆయన ఇల్లు గడిచింది కొండల ఫోటోలతో కాదు. కంపెనీలకు, పత్రికలకు, అక్కడి హోటల్‌వాళ్ళకు తీసిచ్చిన ఫోటోలతో. "నాది పాస్‌పోర్ట్ ఫోటోల బతుకు, ఆదివారం మాత్రం సరదా" అని మీరెప్పుడూ అంటారే, ఆ మాట నేనిక ఒప్పుకోను. పాస్‌పోర్ట్ ఫోటోలు మీకు జీతం ఇచ్చాయి. మీ పని మాత్రం ఆదివారాలదే.

1927లో ఆయన హాఫ్ డోమ్‌ను తీసిన సంగతి వినండి. ఫిల్ము బదులు వాడే గాజు ప్లేట్లు మోసుకుంటూ ఎక్కాడు. పైకి చేరేసరికి రెండే మిగిలాయి. ఒకటి లెన్సు ముందు పసుపు ఫిల్టర్, అంటే రంగు అద్దం, పెట్టి తీశాడు. తన మనసులో ఉన్న కొండ అందులోకి రాదనిపించి, చివరి ప్లేటుకు ఎర్ర ఫిల్టర్ పెట్టాడు. ఆకాశం దాదాపు నల్లగా మారి రాయి ముందుకొచ్చి నిలబడింది. ఆయన పేరు నిలబెట్టిన మొదటి ఫోటో అదే.

నాటకాలకు లైట్లు అద్దెకిచ్చే షాపులో మీరు ఎర్ర జిలెటిన్ కాగితం ముక్క అడిగి తెచ్చి, గుండ్రంగా కత్తిరించి, యాషికా కెమెరా లెన్సుకు టేపుతో అంటించేవారు, గుర్తుందా? నీలం వెలుగు అందులోంచి రాదు కాబట్టి ఆకాశం నల్లబడుతుందని, వెలుగు ఎనిమిదో వంతే లోపలికొస్తుంది కాబట్టి ఎనిమిదింతలు ఎక్కువసేపు తీయాలని నాకు చెప్పేవారు. సాయంత్రం వెలుగు తగ్గాక "లెక్కపెట్టవే" అనేవారు. స్టాండ్ పక్కన నిలబడి నేను "వెయ్యి ఒకటి, వెయ్యి రెండు" అని లెక్కపెట్టేదాన్ని. మీకు ఎవరు చెప్పారు అదంతా? ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న, అట్ట లేని ఒక ఇంగ్లీషు పుస్తకం, గుజరాతీ గల్లీలో కెమెరాలు బాగుచేసే పెద్దాయన, ఇంకా మీరు పాడు చేసుకున్న రీళ్ళు. రీలుకు పన్నెండే ఫోటోలు, ఇందు బ్రాండు రీలు దొరకడమే కష్టం. అందుకే ఒక్క రాయి కోసం నాలుగైదు ఆదివారాలు వెళ్ళి, నీడ ఎటు పడుతుందో చూసి, బటన్ నొక్కకుండానే తిరిగొచ్చిన రోజులు నాకు తెలుసు. చేతక్ ముందు నిలబడి వచ్చేదాన్ని కదా.

ఒక సంగతి ముప్ఫై ఏళ్ళుగా నా లోపలే ఉండిపోయింది. రాయదుర్గం పైన మూడు పొయ్యిరాళ్ళ మీద కుండ పెట్టినట్టు ఒక గుండు ఉండేది. వానాకాలం మబ్బు దాని వెనక్కి వచ్చేదాకా మీరు ఆ ఏడాది కాచుకుని, ఒక రీలు మొత్తం తీశారు. మీరు నీళ్ళు తాగడానికి అటు వెళ్ళినప్పుడు, లోపల ఏముంటుందో చూడాలని నేను కెమెరా వెనక మూత తీసి కాగితం లాగాను. రీలంతా ఎండ తగిలి పాడైపోయింది. నాకు పదేళ్ళు. మీరు తిట్టలేదు. మూత మూసి, "వచ్చే ఆదివారం వద్దాంలే" అన్నారు. వచ్చే ఆదివారం పెళ్ళి ఆర్డరు, ఆ తర్వాతది ఇంకో పెళ్ళి. నెల దాటాక వెళ్తే అక్కడ గుండు లేదు. పగలగొట్టిన పలకలు, డ్రిల్లు వేసిన రంధ్రాలు. మీరు కాసేపు నిలబడి స్కూటర్ తిప్పేశారు. నేను అప్పుడు క్షమించమని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను మామయ్యా. ఆ గుండు ఇంకెక్కడా లేదు, నా వల్ల మీ దగ్గర కూడా లేకుండా పోయింది. అందుకే ఆ ట్రంకులు పోతాయంటే తట్టుకోలేకపోతున్నాను.

1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక అటు ఏం జరిగిందో మీకే బాగా తెలుసు. ఆ రాళ్ళ కోసం మాట్లాడినవాళ్ళు లేకపోలేదు. సొసైటీ టు సేవ్ రాక్స్ 1996లోనే పుట్టింది. అయినా మీ రీళ్ళలో ఉన్న సగం గుట్టలు ఇప్పుడు లేవు. "రాళ్ళ ఫోటోలు గోడకెవరు పెట్టుకుంటారండీ" అని ఎగ్జిబిషన్ పెట్టుకోనివ్వని పెద్దమనిషి మాటను మీరు నమ్మేశారు. ఆయన మాట తప్పు.

రాజా దీన్ దయాళ్ సంగతే చూడండి. మన సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన మనిషి. చదివింది రూర్కీలో ఇంజనీరింగు. ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. 1894లో ఆరో నిజాం ఆయనకు రాజా బిరుదు ఇచ్చాడు. ఇవాళ ఆయన్ని మనం చూడగలుగుతున్నామంటే బిరుదు వల్ల కాదు, ఇంట్లోవాళ్ళు గాజు నెగటివ్‌లు పారేయకుండా దాచినందువల్ల. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం అలా మిగిలిన 2,857 ప్లేట్లు కొని భద్రం చేసింది.

నేను వచ్చేలోపు మీరు చేయాల్సింది కొంచెమే. ముందు పెట్టెలు సజ్జ మీద నుంచి దించండి, పైన వేడి ఎక్కువ. తమ్ముణ్ణి పిలవండి, మీరు స్టూల్ ఎక్కొద్దు. మూత తీసినప్పుడు వెనిగర్ వాసన, అంటే పుల్లటి ఘాటు వాసన వస్తే ఫిల్ము పాడవడం మొదలైనట్టు. ఆ రీళ్ళు వేరే అట్టపెట్టెలో పెట్టండి, లేకపోతే ఆ ఆవిరి మంచివాటిని కూడా పట్టుకుంటుంది. ట్రంకు మూత బిగించకండి. తడిగుడ్డతో తుడవొద్దు. వచ్చేటప్పుడు లైట్ ప్యాడ్, మాక్రో లెన్సు, ప్లాస్టిక్ కవర్లు తెస్తాను. ఒక్కో నెగటివ్ వెనక నుంచి వెలుగిచ్చి డిజిటల్ కెమెరాతో ఫోటో తీద్దాం. నాకు మూడు వారాల సెలవుంది.

ఇంకొకటి మీరే చేయగలరు. ఏ రాయి ఎక్కడిది, ఏ ఏడాది తీశారు, ఇప్పుడు అక్కడ ఏముంది అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి. గుర్తున్నంతే చాలు. అత్తయ్యకు దారులు బాగా గుర్తుంటాయి, ఆమెను కూడా అడగండి. దుర్గం చెరువు పక్కన మనం తాబేలు అని పిలిచే రాయితో మొదలుపెట్టండి.

మీ మేనకోడలు

తాజా కలం: ఆ ఎర్ర జిలెటిన్ ముక్క స్టూడియో సొరుగులో ఉంటే తీసి పెట్టండి, నాకు కావాలి.