డిశ్చార్జ్ అన్న మాట కూడా వెయ్యండి ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇష్టమైన ఇంగ్లీషు మాట ఏంటి, ఎందుకిష్టం అని అడిగి పాఠకులు పంపినవన్నీ అర పేజీ వేశారు కదా, ఒక్కటి వదలకుండా చదివాను. సెరెండిపిటీ అని ముగ్గురు, పెట్రికోర్ అని ఇద్దరు, ఎఫెమెరల్ (కొద్దిసేపే ఉండేది) అని ఒక లెక్చరర్ గారు. మాటలు బాగానే ఉన్నాయి, నోటికి సొంపుగా కూడా ఉన్నాయి, కాదనను. కానీ చదువుతున్నంతసేపూ నాకొకటే డౌటు, వీళ్ళు ఈ మాటని ఎప్పుడైనా ఎవరితోనైనా అన్నారా, లేకపోతే మీకు ఉత్తరం రాయడానికని బీరువాలోంచి పట్టుచీర తీసినట్టు తీశారా అని.

సెరెండిపిటీ, అంటే వెతక్కుండానే మంచిది దొరకడం, దాని కథ మాత్రం నాకూ ఇష్టమే. 1754 జనవరిలో హొరేస్ వాల్పోల్ అనే ఇంగ్లీషాయన ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ ఆ మాట పుట్టించాడట, శ్రీలంకకి పాత పేరు సెరెండిప్, ఆ దేశపు రాకుమారులు ముగ్గురు వెతకని వాటిని దొరికించుకుంటూ పోయే కథ ఒకటుంటే దాంట్లోంచి తీశాడు. పెట్రికోర్ ఐతే మొన్నమొన్నటిది, వాన పడ్డప్పటి మట్టి వాసనకి 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా సైంటిస్టులు పెట్టిన పేరు. తొలకరి పడగానే "అబ్బ, మట్టి వాసన" అనుకుని గుండెనిండా పీల్చుకుంటే నాకు సరిపోతుంది, దానికో పేరు కూడా కావాలనిపించదు. ఎవరిష్టం వాళ్ళదిలెండి.

ఇలాంటి ఓటింగులు పెద్ద ఎత్తున కూడా జరిగాయి. 2004లో బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ళు వాళ్ళ సంస్థకి 70 ఏళ్ళు నిండాయని ఇంగ్లీషు సొంత భాష కాని 102 దేశాల్లో 40 వేల మందికి పైగా జనాన్ని అడిగితే మొదట మదర్ వచ్చింది, తర్వాత ప్యాషన్, స్మైల్, లవ్, ఎటర్నిటీ. మొత్తం 70 మాటల లిస్టు వేస్తే అందులో ఫాదర్ అసలు లేనే లేదు. ఈ సంగతి మా షాపులో చెప్తే "మన పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది లెండి, అది చాలు" అన్నాడొకాయన.

షాపంటే, నాది తణుకులో జెరాక్స్ షాపండి. ఆ జెరాక్స్ అనేది ఒక కంపెనీ పేరు, నా మెషీన్ ఇంకో కంపెనీది, ఐనా బోర్డు మీద జెరాక్స్ అని లేకపోతే ఒక్కరు మెట్టెక్కరు. జెరాక్సుతో పాటు ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఫొటోలు, లామినేషన్, హాల్ టికెట్లు, పెళ్ళి బయోడేటాలు అన్నీ చేస్తాను. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి ఇంగ్లీషు మాటలు నా కౌంటర్ మీదుగానే పోతుంటాయి, అందులో సగానికి పైగా ఇంగ్లీషు చదవడం రాని వాళ్ళ చేతుల్లోవి. మీరు ప్రశ్న అడిగింది మాత్రం ఇంగ్లీషు చదివిన వాళ్ళనే అనిపించింది, అందుకే ఈ ఉత్తరం.

మొన్నామధ్య ఒక మామ్మగారు వచ్చారు, పక్క పల్లెటూరు. ప్లాస్టిక్ కవర్లో హాస్పిటల్ కాగితాలు చుట్టి తెచ్చారు, సీఎం సహాయ నిధికి పెట్టాలంట, సెట్టు కాపీలు కావాలి. నేను తీస్తుంటే "ఇందులో డిచ్చార్జీ అని ఏడుందో చూపించు నాయనా" అన్నారు. కాగితం నెత్తినే పెద్దక్షరాల్లో డిశ్చార్జ్ సమ్మరీ అని ఉంది, చూపించాను. ఆవిడ వేలు పెట్టి ఆ అక్షరాల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసుకుంటూ వెళ్ళారు, చదవడం రాదు, ఊరికే. తాతగారిని లోపల పడుకోబెట్టి ఈవిడ బయట వరండాలో చాప మీదే ఉన్నారంట, రోజూ డాక్టర్లు రౌండ్సుకొచ్చి అబ్జర్వేషన్ అనేవాళ్ళు, క్రిటికల్ అనేవాళ్ళు, స్టేబుల్ అనేవాళ్ళు, నర్సమ్మని అడిగితే అదే మాట మళ్ళీ చెప్పి పోయేది, వాటిల్లో ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియక వాళ్ళ మొహాలు చూసి పోల్చుకునేవారంట. చివరికి ఒక సాయంత్రం "మామ్మా, రేపు డిశ్చార్జ్" అన్నారు. "అన్నాళ్ళూ విన్న మాటల్లో అదొక్కటే నాకు అర్థమైంది బాబూ" అని నవ్వారు. సెట్లన్నీ అయ్యాక "ఆ మొదటి కాగితం ఇంకోటి తియ్యి, అది ఎవరికీ ఇవ్వను, ఇంట్లో పెట్టుకుంటా" అన్నారు. ఇప్పుడు చెప్పండి, ఆ మామ్మగారిని మీ విలేఖరి వెళ్ళి నీకిష్టమైన ఇంగ్లీషు మాట ఏంటని అడిగితే ఏం చెప్తారు?

ఇంకో మాట శాంక్షన్. పెన్షన్ శాంక్షన్ అయిందండి, లోను శాంక్షన్ అయిందండి, ఇల్లు శాంక్షన్ అయిందండి. ఆ మాట అనేటప్పుడు మనిషి కొంచెం నిటారుగా నిలబడతాడు, నిజం, గమనించండి. తమాషా ఏంటంటే మీ పేపర్లోనే విదేశాల పేజీలో రష్యా మీద అమెరికా ఆంక్షలు అని వేస్తారు చూడండి, అవి కూడా శాంక్షన్లే. ఒకే మాట, ఇక్కడ ఇల్లిస్తుంది అక్కడ దారి మూసేస్తుంది.

క్రెడిటెడ్ గురించి చెప్పక్కర్లేదు. ధాన్యం డబ్బులు పడ్డాయో లేదో చూడమని ఫోన్ నా చేతిలో పెడతారు రైతులు, నేను మెసేజ్ చదివి పడ్డాయండి అంటే ఒకసారి, మళ్ళీ చూడు అంటే ఇంకోసారి. ఒక కౌలు రైతు ఐతే సొంత పద్ధతి కనిపెట్టుకున్నాడు, సీ అక్షరం ఉంటే డబ్బు వచ్చినట్టు, డీ అక్షరం ఉంటే పోయినట్టు, మిగతా అక్షరాలతో తనకి పనిలేదు. "ఆ లెక్కన డిశ్చార్జ్ కూడా డీయే కదా బాబాయ్" అంటే "అక్కడా డబ్బులు పోయాకే కదా ఒదిలేది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

జీరో సంగతి చూడండి. చిన్నప్పుడు పరీక్షలో జీరో వచ్చిందంటే ఇంట్లో వీపు విమానం మోతే. ఇప్పుడు ఆడవాళ్ళు బస్సెక్కి ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని దర్జాగా కూర్చుంటున్నారు, తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి. మా షాపుకి ఆధార్ కలర్ ప్రింటు లామినేషన్‌కి వచ్చేవాళ్ళు అప్పట్లో ఒక్కసారిగా పెరిగారు. ఒకావిడ "జీరో అంటే ఇంత బాగుంటుందని ఇప్పుడే తెలిసింది" అంది, భీమవరంలో పుట్టిల్లు ఆవిడకి.

పిల్లల సంగతి సరే, వానల్లో కలెక్టర్ గారు హాలిడే ఇచ్చారా లేదా అని రాత్రి పదింటి దాకా వాట్సాప్ చూస్తారు, వాళ్ళకి అంతకన్నా మంచి మాట ఏ డిక్షనరీలో ఉంటుంది.

పాత రోజుల్లో పదో తరగతి రిజల్ట్స్ మీ పేపర్లలోనే వచ్చేవి కదండి, చీమల్లాంటి నంబర్లు వరసగా. పేపర్ బస్సు దిగేసరికి ఊరంతా సెంటర్లోనే ఉండేది. నంబరుంటే పాస్, లేకపోతే లేదు. మధ్యలో విత్‌హెల్డ్ అని, అంటే రిజల్టు ఆపి పెట్టామని, ఇంకోటి ఉండేది, దానంత పాడు మాట నేనెక్కడా వినలేదు, ఫెయిలైతే ఒక ఏడుపుతో పోతుంది, ఇది ఏడవాలో నవ్వాలో కూడా చెప్పదు. మీరు ఇష్టం లేని మాటల పేజీ వేస్తే నాది అదే, దాని పక్కన సర్వర్ డౌన్.

ఇంతకీ నేను చెప్పొచ్చేది ఏంటంటే, ఈ మాటలన్నీ ఇంగ్లీషువి కావడానికి కారణం ఆ కౌంటరు అవతల కూర్చున్నవాళ్ళు ఇంగ్లీషులో చెప్పడమే, అంతకన్నా ఏం లేదు. కలెక్టర్ అనే పోస్టే 1772లో వారెన్ హేస్టింగ్స్ హయాంలో వచ్చింది, అప్పటి కచేరీ భాష ఇంకా వదల్లేదు. 1966లోనే తెలుగుని అధికార భాష చేస్తూ చట్టం చేశారు, ఐనా మంచి కబురు వచ్చేది ఇంగ్లీషు మాటతోనే. ఇక్కడ తెలుగు పండితులు వెంటనే అంటారు, శాంక్షన్ ఎందుకు, మంజూరు అనొచ్చుగా, క్రెడిటెడ్ ఎందుకు, జమ అయింది అనొచ్చుగా అని. అనొచ్చు, చక్కగా అనొచ్చు, కానీ మంజూరు, జమ, వసూలు, రసీదు ఇవన్నీ ఎక్కడివండి, నవాబుల కచేరీల్లోంచి వచ్చిన పార్సీ, అరబ్బీ మాటలే కదా. బ్రౌన్ దొర తెలుగు నిఘంటువుతో ఆగకుండా తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకి 1854లో వేరే మిశ్ర నిఘంటువు అచ్చేశాడంటే అప్పటికే అవి ఎన్నున్నాయో చూడండి. మా ముత్తాతకి మంజూరు ఎంత తీపో ఇప్పుడు ఈ రైతుకి శాంక్షన్ అంత తీపి. రేపు కౌంటర్లో ఇంకెవరో కూర్చుని ఇంకో భాషలో చెప్తే ఆ మాటే ముద్దొస్తుంది. కాబట్టి సెరెండిపిటీ రాసినవాళ్ళు మాట అందం చూసి రాశారు, మావాళ్ళు ఆ మాట ఎవరి నోట్లోంచి ఎప్పుడు వచ్చిందో చూసి ఇష్టపడతారు. నాకైతే రెండోదే అసలు ఇష్టం అనిపిస్తుంది, మొదటిది కొంచెం ఫోజు. లెక్చరర్ గారు ఏమీ అనుకోవద్దు.

మీ పేపరోళ్ళకి గర్వంగా చెప్పుకోదగ్గ మాట ఒకటుంది, మీరే మర్చిపోయారు, ఓకే. అది పుట్టిందే పేపర్లో. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అనే పేపర్లో ఆల్ కరెక్ట్ అనే మాటని సరదాకి తప్పు స్పెల్లింగుతో రాసి దాని పొడి అక్షరాలు ఓ.కే. అని వేశారు, ఆ రోజుల్లో అక్కడి పేపర్లకి అలాంటి పొడి అక్షరాల పిచ్చి ఉండేది. మరుసటి ఏడాది అక్కడి అధ్యక్ష ఎన్నికల్లో ఒక అభ్యర్థికి ఊరి పేరు మీద వచ్చిన ముద్దుపేరుకి కూడా ఆ అక్షరాలే కలిసొచ్చి ఇంకా పాకింది. ఆ జోకు ఎక్కడికొచ్చిందంటే, ఒకాయన కూతురి బయోడేటా కలర్ ప్రింట్లు తీయించుకుని నెలకోసారి వచ్చేవాడు, ఫొటో మార్చు, ఎత్తు ఇక్కడ రాయి, గోత్రం అక్కడ రాయి అని. ఈసారి వచ్చి మాత్రం కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి "ఓకే అయిందండి" అన్నాడు, అంతే, ఏం ఓకే అయిందో నేను అడగలేదు ఆయన చెప్పలేదు, కార్డుల మోడల్స్ పుస్తకం తీసి ముందు పెట్టాను.

చివరగా ఒక కోరిక. ఇంకో ఆదివారం ఈ పేజీ మళ్ళీ పెట్టి మీ విలేఖరుల్ని గవర్నమెంట్ హాస్పిటల్ గేటు దగ్గరికి, మార్కెట్ యార్డుకి, ఆర్టీసీ కాంప్లెక్సుకి పంపండి, రాయడం రాని వాళ్ళ మాటలు రాసుకురమ్మనండి. వీలైతే మన దగ్గర్నుంచి ఇంగ్లీషులోకి పోయినవాటికి కూడా ఒక మూల ఇవ్వండి. గోల్కొండ అంటే ఇంగ్లీషు డిక్షనరీలో గొప్ప సంపదల గని అని అర్థం, అమెరికాలో ఆ పేరుతో ఊళ్ళు కూడా ఉన్నాయి. నా ఓటు మాత్రం బ్యాండికూట్‌కి. మన పందికొక్కే అది, మా గోదావరి చేలల్లో గట్లు తొలిచేసి ఎలకల బుట్టలకి కూడా చిక్కని పందికొక్కు, ఇంగ్లీషు వాళ్ళ నోట్లో పడి బ్యాండికూట్ అయ్యి ఆస్ట్రేలియా వెళ్ళి అక్కడ సంచి ఉన్న ఇంకేదో జంతువుకి పేరైపోయింది, 1996లో వీడియో గేములో హీరో కూడా అయ్యింది, ఇప్పుడు కేరళ కుర్రాళ్ళు తయారుచేసిన మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే రోబోకి కూడా అదే పేరు. మా పిల్లాడు ఆ గేము ఆడుతుంటే ఇది మనదేరా అంటే నమ్మలేదు, డిక్షనరీ తీసి చూపించాల్సొచ్చింది.

ఉత్తరం పెద్దదైపోయింది, చోటు లేకపోతే ఓకే పేరా కోసెయ్యండి, మామ్మగారిది మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా